రంప దారిలో మనకంటే ముందు నడిచినవాళ్లు

మన ఊరి చుట్టుపక్కల ఎత్తయిన చోటు ఏదని అడిగితే చెరువుగట్టు అంటాం. కాస్త చరిత్ర తెలిసినవాళ్లు గుడివాడ దిబ్బ పేరు చెబుతారు. అదీ కొండ కాదు, బౌద్ధుల కాలపు కట్టడం మీద పేరుకున్న మట్టి. అలెగ్జాండర్ రే అనే పురావస్తు అధికారి 1894లో అచ్చువేసిన గ్రంథంలో భట్టిప్రోలు, ఘంటసాలలతో పాటు గుడివాడ గురించి కూడా రాశాడు. అసలు కొండ అనేది చూడాలంటే బెజవాడ పోవాల్సిందే. ఇంజనీరుగా నేను చాలా సర్వే పటాలు చూశాను. ఇరవై మీటర్లకొక ఎత్తుగీత చొప్పున గీసిన పటంలో ముదినేపల్లి మీదుగా ఒక్క గీత కూడా పోదు. కాలువలు, బోదెలు, చేపల చెరువులు, మధ్యలో మనం.

అలాంటి ఊరివాళ్లం స్వర్ణోత్సవాల సందర్భంగా కొండల్లో జలపాతానికి ఒక రోజు నడక పెట్టుకుందామన్నాం. రంపచోడవరం పక్కనున్న రంప జలపాతమైతే బాగుంటుందని అందరూ ఒప్పుకున్నారు. ఏర్పాట్లు చూసే పని నా మీద పడింది. మా బ్యాచ్ వాట్సాప్‌లో వచ్చిన మొదటి ప్రశ్న బస్సు ఏసీదా కాదా అని. రెండోది టిఫిను ఎక్కడ అని. మూడోది మా బెంచీ మిత్రుడు అడిగాడు: "అక్కడ ఎకరం ఎంతుంటుందిరా?"

నవ్వుకుని "1/70" అని జవాబు పెట్టాను. అదేమిటని ముగ్గురు అడిగారు. ఫోనులో వేళ్లతో కొట్టి చెప్పేంత చిన్న విషయం కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. ప్రయాణం ఏర్పాట్లు చూస్తూ చూస్తూ నేను చదువుకున్న చరిత్ర ఇది. ఏర్పాట్లనుంచి దీన్ని విడదీయడం నాకు చేతకాలేదు.

ముందు దారి సంగతి. ముదినేపల్లి నుంచి కైకలూరు, అక్కణ్నుంచి కొల్లేరు మీదుగా ఏలూరు, ఆపైన రాజమండ్రి, గోకవరం, రంపచోడవరం. మొత్తం దాదాపు రెండొందల కిలోమీటర్లు. తెల్లవారుజామున నాలుగింటికి ఊళ్లో బయల్దేరినా, మధ్యలో టీలూ టిఫిన్లూ కలుపుకుంటే, అడవిలో అడుగుపెట్టేసరికి పది దాటుతుంది. డిసెంబరులో సాయంత్రం ఐదున్నరకే పొద్దు గుంకుతుంది. కొండల మధ్య అంతకంటే ముందే నీడ కమ్ముతుంది. కాబట్టి ఇది ఒక్క రోజు నడకే అయినా ముందురోజు రాత్రి రాజమండ్రిలో పడుకోవాలి. ఈ ఒక్క నిర్ణయానికే వాట్సాప్‌లో నాలుగు రోజులు పట్టింది.

నడక లెక్కకు ఒక పాత సూత్రం ఉంది. స్కాట్లండు కొండలెక్కే నైస్మిత్ అనే ఆయన 1892లో చెప్పాడు: మూడు మైళ్లకు ఒక గంట, ఎక్కే ప్రతి రెండువేల అడుగులకు అదనంగా మరో గంట. మన కొలతల్లో ఐదు కిలోమీటర్లకు గంట, ఆరువందల మీటర్ల ఎక్కుడుకు ఇంకో గంట అనుకోవచ్చు. నాలుగు కిలోమీటర్ల దారి, మూడొందల మీటర్ల ఎక్కుడు ఉందనుకుందాం. గంటా ఇరవై నిమిషాలు. అయితే ఆయన లెక్క ఒంట్లో సత్తువున్నవాళ్ల లెక్క. మనలో సగం మందికి బీపీ, మిగతా సగానికి మోకాళ్లు. దాన్ని రెండింతలు చేసుకోవాలి. దిగడం తేలికనుకోవద్దు. మోకాళ్లకు ఎక్కడం కంటే దిగడమే కష్టం.

ఈ లెక్కలన్నీ ఇప్పుడు చెబుతున్నాను గానీ ఇరవై ఏళ్ల వయసులో నాకు ఇవేం తెలియవు. కాలేజీ రోజుల్లో ఆరుగురం కలిసి ఏజెన్సీలో ఒక జలపాతానికి వెళ్లాం. ఎవరికీ చెప్పలేదు. బయల్దేరిందే మధ్యాహ్నం. నీళ్లలో ఆడుకుంటూ పొద్దు మరిచిపోయాం. తిరిగొచ్చేటప్పుడు దారి రెండుగా చీలిన చోట తప్పు దారి పట్టాం. చీకటి పడింది. మాలో ఒకడు రాయిమీద జారి మడమ బెణికించుకున్నాడు. ఒకే ఒక టార్చిలైటు, అందులో సెల్లు అయిపోవస్తోంది. ఏడింటప్పుడు ఎక్కణ్నుంచో ఒకాయన వచ్చాడు. కొండరెడ్డి అయ్యుండాలి. మా అరుపులు విన్నానన్నాడు. ఎండు వెదురుముక్కలు కట్టగట్టి వెలిగించి ముందు నడిచాడు. మడమ బెణికినవాడికి తన కర్ర ఇచ్చాడు. రోడ్డు చేరేసరికి తొమ్మిదిన్నర. యాభై రూపాయలిచ్చాం, తీసుకున్నాడు. కర్ర వెనక్కి తీసుకుని వెళ్లిపోయాడు. ఆయన పేరు మేం ఆరుగురిలో ఒక్కరం కూడా అడగలేదు.

రంప చరిత్ర చదువుతుంటే నాకు పదేపదే ఆ రాత్రే గుర్తొచ్చింది. కిందినుంచి ఆ కొండల్లోకి వెళ్లిన ప్రతివాళ్లూ పైవాళ్ల సాయంతోనో, వాళ్ల సొమ్ముతోనో తిరిగొచ్చారు. పేర్లు మాత్రం కిందివాళ్లవే కాగితాల్లో ఉన్నాయి.

1879 నుంచి మొదలుపెడతాను. మన్యంలో తాటిచెట్టు కంటే జీలుగుచెట్టు ముఖ్యం. ఎండాకాలంలో తిండిగింజలు అయిపోయే వేళ చాలా కుటుంబాలకు ఆ కల్లే ఆధారం. రంప ప్రాంతం అప్పట్లో ఒక మన్సబుదారు కింద, ఆయన కింద ముఠాదార్ల కింద ఉండేది. కల్లుగీత మీద మన్సబుదారు చిగురుపన్ను వసూలు చేసేవాడు. దానిమీద మద్రాసు ప్రభుత్వం కొత్త ఆబ్కారీ పద్ధతి తెచ్చింది. కల్లు మీద రాబడిని వేలం పాడుకున్నవాళ్లకు కౌలుకిచ్చింది. ఇంట్లో తాగడానికి తన చెట్టు తాను గీసుకున్నా తప్పే అయింది.

ఆ కౌలుదార్లు ఎవరు? పల్లపు ప్రాంతాల వాళ్లు. వాళ్లతో పాటు వ్యాపారులు కూడా పైకి వెళ్లారు. ఉప్పు, గుడ్డ అరువిచ్చి చింతపండు, ధాన్యం రాయించుకునేవారు. కాగితంలో ఏం రాశారో వేలిముద్ర వేసినవాడికి తెలియదు. బాకీ అనే పేరుతో పల్లంలో సివిలు కోర్టులో దావా వేసేవారు. సమను అందినా అందకపోయినా కొండమనిషి అడవి దాటి, జ్వరాలూ ఏరులూ దాటి, భాష తెలియని కోర్టుకు రాలేడు. ఏకపక్షంగా డిక్రీ వచ్చేది. ఆ డిక్రీ పట్టుకుని పైకి వెళ్లి పశువుల్నీ ధాన్యాన్నీ జప్తు చేయించేవారు. ఇదంతా ఉద్యమకారులు చెప్పిన మాట కాదు. 1907లో హెమింగ్వే అనే ఐసీఎస్ అధికారి రాసిన గోదావరి జిల్లా గెజిటీరే తిరుగుబాటు కారణాల్లో కల్లు పన్నునూ, పల్లపు వర్తకుల ఒప్పందాలనూ, ఆ డిక్రీలనూ లెక్కగట్టింది.

మనం గోదావరి దాటి అవతలివాళ్లం, కృష్ణా డెల్టావాళ్లం, ఆ వర్తకుల్లో మన తాతలున్నారని నేననను. కానీ ఆ కాలానికి మన డెల్టా ఎలా ఉందో గుర్తుచేసుకోవాలి. కృష్ణ మీద బెజవాడ ఆనకట్ట 1855 నాటికి పూర్తయింది. గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట దానికి కొన్నేళ్ల ముందే అయిపోయింది. కాలువ నీళ్లొచ్చాయి, రెండు డెల్టాల్లోనూ చేతిలో డబ్బు ఆడింది. మిగులు డబ్బు ఎక్కడికి పోతుంది? వడ్డీకి పోతుంది, వేలం పాటకు పోతుంది, లాభం ఉన్నచోటికి పోతుంది. పల్లంలో నీళ్లొచ్చిన పాతికేళ్లకే కొండమీద కల్లుచెట్టు వేలానికొచ్చింది. రెండింటినీ ఒకే కథగా మనకెవరూ బడిలో చెప్పలేదు. ఆనకట్ట పాఠం ఒక పేజీ, గిరిజన తిరుగుబాట్లు ఇంకో పేజీ. పరీక్షలో రెండూ వేర్వేరు ప్రశ్నలు.

1879 మార్చిలో చోడవరం చుట్టుపక్కల తిరుగుబాటు రగిలింది. ద్వారబంధాల చంద్రయ్య, కారం తమ్మన్న దొర లాంటివాళ్లు నాయకులు. పోలీసు ఠాణాల మీద దాడులు జరిగాయి. అది అటు గొలుగొండ కొండలకూ, ఇటు భద్రాచలం వైపు రేకపల్లికీ పాకింది. మద్రాసు పదాతి దళాలు వచ్చాయి, హైదరాబాదు కంటింజెంటు నుంచి మనుషులొచ్చారు. అయినా అణచడానికి నెలల తరబడి పట్టి 1880లోకి సాగింది. కారణం రెండే ముక్కలు. సైన్యానికి దారులు తెలియవు. దారి తెలిసి ముందుకు పోతే చలిజ్వరం. చివరకు మన్సబుదారును తప్పించి ముఠాదార్లతో ప్రభుత్వం నేరుగా ఒప్పందాలు చేసుకుంది. చిగురుపన్ను పోయింది.

పన్ను పోయినా, వెనువెంటనే 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. అడవిని రిజర్వు చేసి గీతలు గీశారు. పోడు కొట్టుకోవడం, కట్టె తెచ్చుకోవడం, పశువుల్ని మేపుకోవడం నేరాల జాబితాలోకి ఎక్కాయి. ఒక తరం గడిచాక 1922 వచ్చింది.

అల్లూరి సీతారామరాజు సంగతి మన పాఠ్యపుస్తకాల్లో ఉంది, సినిమాలో ఇంకా బాగా ఉంది. ఆగస్టు 22, 23, 24 తేదీల్లో వరసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాల మీద దాడి చేసి తుపాకులు తీసుకెళ్లాడని మనందరికీ తెలుసు. ఆ అక్టోబరులో రంపచోడవరం కూడా వచ్చాడు. మనం బస్సు దిగేది ఆ ఊళ్లోనే. ఉద్యమానికి తక్షణ కారణాల్లో ఒకటి రోడ్డు. నర్సీపట్నం నుంచి చింతపల్లికి వేసే రోడ్డు పనికి గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ గిరిజనుల్ని బలవంతంగా దింపి, కూలి సరిగా ఇవ్వలేదు. మనం వెళ్లేది ఆ రోడ్డు మీద కాదు. అయినా ఘాట్ రోడ్డు ఎక్కి ఏసీ చల్లగా తగిలినప్పుడు, ఈ కొండల్లో మొదటి రోడ్లు ఎవరి వీపుల మీద పడ్డాయో తెలిసుండటం మంచిది.

1922 సెప్టెంబరు 24న దామనపల్లి ఘాటులో జరిగింది నడక గురించి ఆలోచించేవాడికి ఒక పాఠం. స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు తెల్ల అధికారులు దళంతో లోయలోకి వచ్చారు. పైన పొదల్లో ఉన్నవాళ్లు ముందున్న భారతీయ సిపాయిల్ని పోనిచ్చి, వెనకొచ్చిన ఆ ఇద్దరినీ కాల్చారు. చేతిలో పటం ఉన్నవాడికీ, ఆ దారిలో పుట్టి పెరిగినవాడికీ తేడా అక్కడ కనిపిస్తుంది.

రాజు కూడా పల్లంనుంచి పైకి వెళ్లినవాడే. చదువు రాజమండ్రి, కాకినాడ, నర్సాపురం వైపు సాగింది. ఆయన పక్కన నిలబడిన గాం గంటం దొర, గాం మల్లు దొర మాత్రం ఆ కొండల మనుషులు. 1924 మే 7న రాజును కాల్చి చంపారు. తర్వాత నెల తిరిగేలోపు గంటం దొర కూడా పోయాడు. మల్లు దొర అండమాను వెళ్లొచ్చాడు. 1952 తొలి ఎన్నికల్లో విశాఖపట్నం నుంచి స్వతంత్రుడిగా లోక్‌సభకు గెలిచాడు. రాజు విగ్రహం లేని ఊరు మనవైపు తక్కువ. అండమాను జైలు చూసి, ఆపై పార్లమెంటులో కూర్చున్న మల్లు దొర పేరు మా బ్యాచ్‌లో ఎంతమందికి తెలుసని అడిగాను. ఒక్కరికి తెలుసు. ఆయన సోషలు మాస్టారుగా రిటైరైనవాడు.

ఇప్పుడు ఎకరం ధరకు వస్తాను. కొండమనిషి భూమి పల్లపువాడి చేతిలోకి పోకుండా మద్రాసు ప్రభుత్వం 1917లోనే ఏజెన్సీ భూబదిలీ చట్టం చేసింది. అమలు అంతంతమాత్రం. మన రాష్ట్రం ఏర్పడ్డాక 1959లో ఒకటో నంబరు రెగ్యులేషను వచ్చింది. దాన్ని 1970లో సవరించారు. అదే మనం 1/70 అని పిలిచేది. ఏజెన్సీలో గిరిజనేతరుడి దగ్గరున్న భూమి గిరిజనుడినుంచి వచ్చిందనే ముందు భావిస్తారు. కాదని రుజువు చేయాల్సింది గిరిజనేతరుడే. గిరిజనేతరుడు తన భూమి అమ్మదల్చినా గిరిజనుడికే అమ్మాలి. సాక్ష్యం చెప్పే భారాన్ని తిరగేసింది ఆ చట్టం. సమను అందక డిక్రీ పడిన 1879నాటి కొండమనిషికి తొంభై ఏళ్ల తర్వాత దొరికిన జవాబుగా నాకది కనిపించింది. కోర్టుల్లో చాలాసార్లు సవాలు చేశారు, నిలబడింది. చట్టాన్ని బినామీ పేర్లతో దాటినవాళ్లూ ఉన్నారు, ఆ మాటా దాచనక్కర్లేదు. కాబట్టి మిత్రమా, అక్కడ ఎకరం ధర మనకు వర్తించదు.

జ్వరం మాట మిగిలింది. సైన్యాల్నే వెనక్కి పంపిన ఆ జ్వరం దోమవల్ల వస్తుందని రోనాల్డ్ రాస్ సికింద్రాబాదులో కనిపెట్టింది 1897 ఆగస్టు 20న. సీతారామరాజు పుట్టింది అదే ఏడు జులై 4న. నెలన్నర తేడా. మలేరియా దోమ ఎక్కువగా కుట్టేది చీకటిపడ్డాక. మూడింటికల్లా బస్సెక్కాలని నేను పట్టుబట్టడానికి ఇదొక కారణం.

అంతకంటే పెద్ద కారణం నీళ్లు. డెల్టావాళ్లకు నీళ్లు తెలుసనుకుంటాం. మనకు తెలిసిన నీళ్లు నెమ్మదైనవి. పైన సాగరులో గేట్లెత్తితే ప్రకాశం బ్యారేజీకి వరద చేరేలోపు రేడియోలో చెబుతారు, సామాన్లు సర్దుకోవచ్చు. చెప్పకుండా వచ్చిన నీళ్లు మన తరానికి ఒక్కసారే తెలుసు. 1977 నవంబరు 19, దివిసీమ. ఎక్కడానికి గుట్ట కూడా లేని నేల మీదికి సముద్రం వచ్చింది. కొండవాగు ఆ జాతి నీళ్లే. మనమున్నచోట ఎండగా ఉంటుంది, రెండు కొండల అవతల వాన పడుతుంది, అరగంటలో మోకాల్లోతు వాగు మెడల్లోతవుతుంది. వాలు ఎక్కువ, పరివాహకం చిన్నది, మధ్యలో నిలవడానికి చోటు లేదు. లెక్క అంతే. 2024 సెప్టెంబరులో మారేడుమిల్లి దగ్గర జలతరంగిణి జలపాతంలో ఒక్కసారిగా పెరిగిన ప్రవాహానికి ఏలూరు నుంచి వెళ్లిన వైద్య విద్యార్థులు ముగ్గురు పోయారు. 2019 సెప్టెంబరు 15న వరద గోదావరిలో కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగినప్పుడు, మొదట పడవలేసుకుని దూకింది ఒడ్డునున్న గిరిజనులు. వాళ్లు ఇరవైమందికి పైగా ప్రాణాలతో లాగారు. వాళ్ల పేర్లు రెండ్రోజులు పేపర్లో వచ్చాయి.

ఇవన్నీ చదివాక ఏర్పాట్ల కాగితం మళ్లీ రాశాను. మొదట బస్సు, భోజనం, బ్యానరు అని ఉండేది. ఇప్పుడు మొదటి గీతలో "దారి చూపేవాళ్లు ఇద్దరు, ఆ ఊరివాళ్లే, పేర్లు ముందే తెలుసుకోవాలి, రోజుకూలి ముందే మాట్లాడుకోవాలి" అని ఉంది. ఒకరు ముందు, ఒకరు వెనక. వాళ్లు వాన వాసన వస్తోంది, వెనక్కి పోదామంటే మనలో ఎంత పెద్ద హోదాలో ఉన్నవాడైనా కిక్కురుమనకుండా తిరగాలి. మారేడుమిల్లి వైపు వన సంరక్షణ సమితుల వాళ్లు పర్యాటకులకు బస, భోజనం చూస్తున్నారు. ఇంకోరోజు ఉండాలనుకునేవాళ్లు అక్కడికే వెళితే మన డబ్బు ఆ ఊళ్లో ఉంటుంది.

మిగతావి క్లుప్తంగా. డిసెంబరు రెండో ఆదివారం. వానలు వెనకబడి ఉంటాయి, జలపాతంలో నీళ్లింకా ఉంటాయి. రాజమండ్రిలో ఆరింటికి బస్సు కదులుతుంది, రానివాళ్ల కోసం ఆగదు. రంపచోడవరంలో ఎనిమిదిన్నరకు నడక. పన్నెండున్నర అయ్యేసరికి ఎక్కడున్నా వెనక్కి తిరగడమే, జలపాతం చప్పుడు వినబడుతున్నా సరే. పట్టు ఉన్న బూట్లు వేసుకోవాలి, కొత్తవి వద్దు. మనిషికి రెండు లీటర్ల నీళ్లు. బీపీ, షుగరు మందులు ఎవరివి వాళ్ల జేబులో. ప్లాస్టికు ఎంత పైకి పోతే అంత కిందికి రావాలి, లెక్క నేనే చూస్తాను. మందు సీసాలు బస్సులో కూడా వద్దు. కావాలంటే జీలుగు కల్లు గురించి పైన రాసింది ఇంకోసారి చదువుకోండి. మాస్టార్లలో రాదల్చినవాళ్లకు ఊరిదాకా జీపు ఉంటుంది. తిరుగుదారిలో భూపతిపాలెం జలాశయం దగ్గర పావుగంట ఆగుతాం, అది నా వృత్తిదోషం, భరించాలి.

ఇది రాస్తున్న సమయానికి ముప్పైనాలుగు పేర్లు వచ్చాయి. ఎకరం ధర అడిగినవాడు పన్నెండో పేరు. మోకాలికి పట్టీ కొనుక్కున్నానని ఫోటో పెట్టాడు, కింద ఇంకో ప్రశ్న: "దారి చూపేవాళ్ల పేర్లు తెలిశాయా?" ఒకాయన పేరు తెలిసింది. రెండో ఆయన వచ్చే వారం చెబుతానన్నారు.